మారుతి 800లో ఎస్టీమ్ ఇంజన్ వేయాలనుకుంటున్న తమ్ముడికి

నీ ప్రశ్న ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. జడ్చర్ల దగ్గర ఊరు. మెకానికల్ డిప్లొమా అయిపోయింది. మేనమామ వాడి పక్కన పెట్టిన 1999 మారుతి 800, కార్బ్యురేటర్ బండి, నీ చేతికి వచ్చింది. ఆయిల్ తాగుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు నీలం పొగ వస్తోంది. నెట్‌లో వీడియోలు చూసి, కార్లంటే ప్రాణమిచ్చేవాళ్ల సలహాలు చదివి, పాత ఎస్టీమ్ 1.3 ఇంజన్ తెచ్చి ఇందులో వేద్దామనుకుంటున్నావు. చేతిలో 70 వేలు ఉన్నాయి. ఇంతవరకు ఇంజన్ దించిన అనుభవం లేదు. "అన్నా, ఇంటి ముందు నేనే చేసుకోగలనా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగావు.

నా జవాబు ఇది. ఇంజన్ పని నేర్చుకోవచ్చు, ఇంటి ముందే నేర్చుకోవచ్చు. కానీ ఎస్టీమ్ ఇంజన్‌తో మొదలుపెట్టొద్దు. నీ మొదటి పని నీ బండి ఇంజన్ మీదనే జరగాలి. దాన్ని దించు, విప్పు, బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల మళ్లీ గుండ్రంగా చెక్కించడం) చేయించు, మళ్లీ అదే బండిలో ఎక్కించు. అది స్టార్ట్ అయి, వెయ్యి కిలోమీటర్లు తిరిగి, ఎక్కడా చుక్క కారకుండా ఉంటే, అప్పుడు తర్వాతి మెట్టు గురించి మాట్లాడుకుందాం.

నన్ను అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నాది నల్లగొండ. 1994లో మిర్యాలగూడలో లారీల షెడ్డులో పానాలు అందించే పనితో మొదలుపెట్టాను. తర్వాత జీపులు, ఆపైన కార్లు. ఇరవై ఏళ్లుగా సొంత షెడ్డు ఉంది. సరిపడని బండిలో సరిపడని ఇంజన్ వేసిన పనులు నేనూ చేశాను. అందులో రెండు ఇక్కడ చెబుతాను, ఎందుకు వద్దంటున్నానో వాటితోనే అర్థమవుతుంది.

ఇంజన్ మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడమే అన్నట్టు వీడియోలో కనిపిస్తుంది. దించడం ఒక రోజు పని, ఎక్కించడం ఇంకో రోజు పని. ఆ రెండింటి మధ్య ఉన్న పనికే రెండు నెలలు పడుతుంది. ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే ఫౌండేషన్లు ఎక్కడ పడతాయి, గేర్ బాక్స్ ఏది, చక్రాలను తిప్పే యాక్సిళ్ల పొడవు సరిపోతుందా, గేర్ రాడ్డు అందుతుందా, సైలెన్సర్ పైపు ఎటు తిరగాలి, రేడియేటర్ చాలుతుందా, క్లచ్ కేబుల్ చాలుతుందా, స్పీడోమీటర్ కేబుల్ ఎక్కడ తగిలించాలి. వీడియోలో ఇవన్నీ కత్తిరించి పది నిమిషాలకు కుదిస్తారు. పెట్టినవాళ్లు మోసం చేయలేదు. వాళ్ల చేతికి ఆ పని అలవాటు, చెప్పాల్సిన విషయమని వాళ్లకు తోచదు.

నీ బండిలో ఉన్నది ఎఫ్8బి ఇంజన్. మూడు సిలిండర్లు, 796 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 72. దాదాపు 37 హెచ్‌పీ. బండి మొత్తం బరువే 650 కిలోల దరిదాపు, చక్రాలు 12 అంగుళాలవి. ఎస్టీమ్‌ది జి13 రకం, నాలుగు సిలిండర్లు, 1298 సీసీ. కార్బ్యురేటర్ ఎస్టీమ్ అయితే 65 హెచ్‌పీ, తర్వాత వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది) అయితే 85. అంటే నీ బండి బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్ ఏ బలానికి లెక్కగట్టి చేశారో దానికి ఒకటిన్నర రెట్లకు పైగా, ఎంపీఎఫ్‌ఐ అయితే రెట్టింపు కంటే ఎక్కువ బలం ముందు కూర్చుంటుంది. పరుగు పెంచడం ఇంజన్ పని, ఆపడం బ్రేకుల పని. బ్రేకులు అవే ఉంచి ఇంజన్ మాత్రం మార్చిన బండిని నేను నా పిల్లలకు ఇవ్వను, నిన్నూ నడపమని చెప్పను.

ఇక నేను చేసిన పని సంగతి. 2008లో దేవరకొండ నుంచి ఒకాయన తన 800లో జెన్ ఇంజన్ వేయమని వచ్చాడు. జెన్‌ది జి10బి, 993 సీసీ, ఎస్టీమ్ కంటే చిన్నదే. కానీ నాలుగు సిలిండర్లు కాబట్టి అడ్డంగా పొడవు ఎక్కువ. ఫౌండేషన్ బ్రాకెట్లు లేతు షాపులో కొత్తగా చేయించాను, రేడియేటర్‌ను ముందుకు జరిపాను, పైపులు వంచి సర్దాను. బండి అద్భుతంగా లాగింది. ఊళ్లో అందరూ చూసి మెచ్చుకున్నారు. మే నెలలో ఆయన కుటుంబంతో హైదరాబాద్ బయలుదేరాడు. చింతపల్లి దాటాక, మాల్ చేరకముందే టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లింది. ఆయన గమనించేసరికి ఆలస్యమైంది. జి సిరీస్ ఇంజన్లలో పైన ఉండే హెడ్డే కాదు, సిలిండర్లు ఉండే బ్లాకు కూడా అల్యూమినియమే. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది. ఆ ఎండలో పిల్లలతో రోడ్డు పక్కన మూడు గంటలు నిలబడ్డారు.

తప్పు నాది. మూడు సిలిండర్ల ఇంజన్ వేడి కోసం చేసిన రేడియేటర్‌ను నాలుగు సిలిండర్లకు వాడాను. షెడ్డులో పది నిమిషాలు నడిపి చూశాను, బాగానే ఉంది. జనవరిలో చేసిన పని కాబట్టి నాలుగు నెలలు బాగానే నడిచింది కూడా. నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని వెళ్తే ఏమవుతుందో నేను చూడలేదు. ఆ హెడ్ నా ఖర్చుతో చేయించి ఇచ్చాను, పెద్ద రేడియేటర్ వేశాను. అప్పట్లో చట్టం సంగతి కూడా నాకు సరిగా తెలియదు. ఈ రోజైతే ఆ పని ఒప్పుకోను.

రెండోది జీపు. పెజో డీజిల్ ఇంజన్ ఉన్న పాత మహీంద్రా జీపులో, పికప్ నుంచి తీసిన వేరే డీజిల్ ఇంజన్ వేశాం. ఫౌండేషన్ కొంచెం ఎత్తుగా పడింది, ఒక అంగుళం కూడా ఉండదు. అంగుళానికేముంది అనుకున్నాం. ఇంజన్ వెనక భాగం లేచేసరికి, వెనక చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. అరవై దాటితే సీటు కింద సన్నటి వణుకు. ఓనరు అలవాటు పడిపోయాడు. కొన్నాళ్లకు శ్రీశైలం వెళ్తుంటే దోమలపెంట దాటాక ఘాట్‌లో షాఫ్ట్ కొసన ఉండే క్రాస్ జాయింట్ తెగి షాఫ్ట్ కింద పడింది. వెనక కొస తెగింది కాబట్టి షాఫ్ట్ రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ముందు కొస తెగి నేలకు గుచ్చుకుని ఉంటే జీపు పల్టీ కొట్టేది. అప్పటి నుంచి కొలత తీయకుండా నేను ఫౌండేషన్ వెల్డింగ్ చేయించలేదు.

నీ 800లో ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉండదు, రెండు యాక్సిళ్లు ఉంటాయి. సూత్రం అదే. ఇంజన్ ఒక అర అంగుళం పక్కకు పడినా ఒక వైపు యాక్సిల్ లోపలికి నొక్కుకుంటుంది, ఇంకో వైపుది బయటికి లాగినట్టు ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు బయటికి వచ్చేస్తుంది.

పేరు ఒకటే అని నమ్మొద్దు. నెట్‌లో "ఎఫ్8బి అన్నీ ఒకటే, ఓమ్ని ఇంజన్ చవకగా దొరుకుతుంది, తెచ్చి వేసుకో" అని చెప్పేవాళ్లు కనిపిస్తారు. ఓమ్నిలోనూ ఎఫ్8బినే, నిజమే. కానీ ఓమ్నిలో ఇంజన్ సీటు కింద బండి పొడవు వెంట, ఒక పక్కకు వాలి ఉంటుంది, వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో ముందు అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. దాంతో ఆయిల్ ఛాంబర్ ఆకారం, ఫౌండేషన్లు, మానిఫోల్డ్, గేర్ బాక్స్ పట్టుకునే తీరు అన్నీ వేరు. ఈ సలహా విని ఒక కుర్రాడు విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లి ఓమ్ని ఇంజన్ కొనుక్కొచ్చాడు. నా దగ్గరికి తెచ్చాక రెండు ఇంజన్లను పక్కపక్కన పెట్టి చూపించాను. లోపలి సామాన్లలో పనికొచ్చేవి కొన్ని వాడుకున్నాడు, మిగతాది ఇనుము ధరకు పోయింది. కొనకముందే తన ఇంజన్ ఫోటోలు నాలుగు వైపుల నుంచి తీసుకెళ్లి ఉంటే అక్కడే తేలిపోయేది.

ఇంకొందరు ఆల్టో కె10 ఇంజన్ వేయమంటారు. మంచి ఇంజనే, 998 సీసీ, తేలిక. అయితే అక్కడ అసలు పని ఇనుముతో కాదు, వైరింగ్‌తో. ఆ ఇంజన్‌కు ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె) కావాలి, దానికి మొత్తం వైరింగ్ కావాలి, తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ కావాలి. అది సరిపోలకపోతే ఇంజన్ అందుకోదు. పెట్రోలు సంగతి ఇంకా ముఖ్యం, ఇది జాగ్రత్తగా చదువు. నీ కార్బ్యురేటర్ బండిలో పెట్రోలు పంపు ఇంజన్ మీదే ఉండి చాలా తక్కువ ప్రెషర్‌తో లాగుతుంది. ఎంపీఎఫ్‌ఐ బండిలో పంపు ట్యాంకులో ఉండి దాదాపు 3 బార్ ప్రెషర్‌తో తోస్తుంది. పాత రబ్బరు పైపు, పాత క్లిప్పుతో ఆ ప్రెషర్ పెడితే వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పెట్రోలు చిమ్ముతుంది. బండి కాలిపోవడానికి అది చాలు.

ఇప్పుడు చట్టం. ఇది తప్పించుకునే విషయం కాదు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని సెక్షన్ 182ఏలో పెట్టారు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి ఆమోదం పొందిన కిట్ల సంగతి వేరు.

పాడైన ఇంజన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసుకోవాలంటే ముందుగా ఆర్‌టీఏ ఆఫీసులో అనుమతి తీసుకుని, ఇంజన్ కొన్న బిల్లు చూపించి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఎస్టీమ్ ఇంజన్ ఆ లెక్కలోకి రాదు. మారుతి ఇంజన్ నంబరు మొదట్లోనే ఇంజన్ రకం ఉంటుంది. నీ దాని మీద ఎఫ్8బి అని, ఎస్టీమ్ దాని మీద జి13 అని. నీ 1999 బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, ఐదేళ్లకొకసారి ఆర్‌సీ రెన్యువల్‌కు తీసుకెళ్లాలి. అక్కడ చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చూస్తారు. ఆ రోజు బండి ఆగిపోతుంది. అంతకంటే ముందే ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేసే మొదటి పని కూడా నంబర్లు చూడటమే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలి, మీ కుటుంబం మీద కేసు పడి, ఇన్సూరెన్స్ రాకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.

నీ ఇంజన్‌నే బోరింగ్ చేయించి వేసుకుంటే ఈ గొడవ ఏదీ లేదు. బ్లాకు అదే, నంబరు అదే.

వీడియోలు చూడొద్దని నేను అనను. నేనూ చూస్తాను, రాత్రి తిన్నాక చూస్తాను. జపాన్ వాళ్లు, అమెరికా వాళ్లు చేసే పని చూస్తే కడుపు నిండుతుంది. కాకపోతే వాళ్ల దేశంలో చట్టం వేరు, దొరికే సామాను వేరు, ఎండ వేరు. వాళ్లకు రెడీమేడ్ ఫౌండేషన్లు, తయారు చేసిన వైరింగ్ పెట్టెలో వస్తాయి, మనం లేతు మేస్త్రీ దగ్గర కూర్చుని చేయించుకోవాలి. నేను సలహాను తూచే పద్ధతి ఒకటి చెబుతాను. ఎవరైనా "వేశాను, అద్భుతం" అంటే పక్కన పెడతాను. "వేసి ఏడాదైంది, ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగాను, ఇది పోయింది, ఇలా సరిచేశాను" అని రాస్తే కూర్చుని చదువుతాను. అంకెలు ఉన్నాయా, కొలతలు ఉన్నాయా, కింద నుంచి తీసిన ఫోటోలు ఉన్నాయా అని చూడు. ఏది దేనికి సరిపోతుందన్నది అక్కడ తెలుసుకో. ఎంత బిగించాలి, ఎంత గ్యాప్ ఉండాలి అన్నది మాత్రం కంపెనీ సర్వీసు మాన్యువల్ చూసే చెయ్యి. పది మంది పది అంకెలు చెబుతారు, మాన్యువల్‌లో ఒకటే ఉంటుంది.

సరే, పనిలోకి వద్దాం.

దించే ముందు కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో) చూడు. గేజీ కొనుక్కో, లేదా మహబూబ్‌నగర్‌లో తెలిసిన మేస్త్రీని అడుగు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూడు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల మధ్య తేడా గేజీ మీద 1 కిలోకు (చదరపు సెంటీమీటరుకు) మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. కంప్రెషన్ పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. ఇంకో మాట. పొగ పొద్దున స్టార్ట్ చేయగానే కొంచెంసేపు వచ్చి ఆగిపోతూ, కంప్రెషన్ బాగుంటే, అవి వాల్వ్ సీల్స్ మాత్రమే కావచ్చు. దానికి ఇంజన్ మొత్తం దించాల్సిన పనే లేదు. నువ్వు ఎత్తు ఎక్కేటప్పుడు పొగ అన్నావు కాబట్టి నాకు రింగుల మీదే అనుమానం. ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడి నుంచి పొగ గుప్పుమని కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, అంటే రింగులు దాటి గ్యాస్ కిందకు దిగుతున్నట్టే.

వేపకొమ్మకు కట్టొద్దు. మన ఊళ్లలో ఇది చాలామంది చేస్తారు, నేనూ చిన్నప్పుడు చూశాను. పచ్చి కొమ్మ ఎంత బరువు మోస్తుందో ఎవరికీ తెలియదు. మా షెడ్డు పక్కనే ఒకసారి కొమ్మ విరిగి ఇంజన్ కింద పడింది. కింద చెయ్యి లేదు కాబట్టి దించుతున్న మనిషి బతికిపోయాడు. మనకు ఇంకో దారి ఉంది. బోరుబావి మోటార్లు ఎక్కించి దించేవాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, బరువు పైకి లాగే గొలుసు కప్పీ ఉంటాయి. పాలమూరులో, నల్లగొండలో అవి లేని మండలం ఉండదు. వందల అడుగుల పైపుతో సహా మోటారును పైకి లాగే స్టాండుకు 800 ఇంజన్ ఒక లెక్క కాదు. ఒక రోజు కిరాయికి తెచ్చుకో. కాళ్ల కింద నేల గట్టిగా ఉందో లేదో చూసుకో, మూడు కాళ్లనూ గొలుసుతో ఒకదానికొకటి కట్టు. బండి కిందకు దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎప్పుడూ వెళ్లొద్దు. స్టాండ్లు పెట్టు, చక్రాలకు అడ్డం పెట్టు. ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండగానే పని చెయ్యి.

దించే రోజు పొద్దున్నే మొదలుపెట్టు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు. తర్వాత నీళ్లు, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ తీసెయ్యి. బానెట్ విప్పి పక్కన పెట్టు, ఇద్దరు పట్టుకోవాలి. ప్రతి వైరుకూ, ప్రతి వాక్యూమ్ పైపుకూ కాగితం టేపు చుట్టి నంబరు రాయి, రెండో కొసకూ అదే నంబరు రాయి. విప్పే ముందు ఫోటో, విప్పాక ఫోటో. కార్బ్యురేటర్ బండిలో సన్నటి రబ్బరు పైపులు చాలా ఉంటాయి. రెండు తారుమారైతే ఇంజన్ తడబడుతూ నడుస్తుంది, ఎందుకో తెలియక నీకు వారం పోతుంది. బోల్టులు అన్నీ ఒకే డబ్బాలో వేయొద్దు. సెల్ఫ్‌వి ఒక డబ్బా, ఫౌండేషన్‌వి ఒక డబ్బా, గేర్ బాక్స్‌వి ఒకటి. గేర్ బాక్స్ బోల్టులు చూడటానికి ఒకేలా ఉన్నా పొడవు తేడా ఉంటాయి. అట్టముక్క మీద గేర్ బాక్స్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ గుచ్చి పెట్టుకో. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇప్పటికీ నేను అలాగే చేస్తాను.

యాక్సిళ్లు, గేర్ రాడ్డు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, సైలెన్సర్ పైపు అన్నీ ఊడాక ఇంజన్, గేర్ బాక్స్ కలిపే పైకి లేపాలి. కప్పీ నాలుగు లాగులు లాగి ఆగు. చుట్టూ తిరిగి చూడు, ఏదో ఒకటి ఇంకా పట్టుకునే ఉంటుంది. దాదాపు ప్రతిసారీ ఒక ఎర్త్ వైరు మిగిలిపోతుంది. బలవంతంగా లేపితే తెగిపోతుంది.

విప్పిన బ్లాకు, క్రాంకు, హెడ్ పట్టుకుని బోరింగ్ షాపుకు వెళ్లు. ఇచ్చేసి రావద్దు, కూర్చో. నా మాట విని ఒక రోజు పనంతా మానుకుని అక్కడే కూర్చో. మైక్రోమీటర్‌తో బోరు పైన, మధ్యలో, కింద ఎలా కొలుస్తాడో చూడు. అరిగిన బోరు గుండ్రంగా ఉండదు, పైన వెడల్పు, కింద ఇరుకు. ఆ తేడా నీ కళ్లతో చూస్తే డిప్లొమాలో చదివింది అప్పుడు ఒంటబడుతుంది. ఎంత అరిగిందో దాన్ని బట్టి 0.25 గానీ 0.50 గానీ ఓవర్‌సైజు పిస్టన్లు పడతాయి. పిస్టన్లు ముందు కొని, వాటిని చేతిలో పెట్టి, వాటి కొలతకే బోరు కొట్టించు. హెడ్ ఉపరితలం వంగిందో లేదో స్కేలు పెట్టి చూపించమను. వాల్వ్ సీల్స్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ముందు వెనక ఆయిల్ సీళ్లు ఇప్పుడే మార్చెయ్యి. ఇంజన్ బయట ఉన్నప్పుడు వందల్లో అయ్యే పని, ఎక్కించాక మళ్లీ రెండు రోజుల పని. క్లచ్ ప్లేటు కూడా చూసుకో. ప్లేటు బిగించేటప్పుడు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే గేర్ బాక్స్ ఎంత తోసినా లోపలికి పోదు. అప్పుడు బోల్టులతో లాగి బిగించాలనిపిస్తుంది, చెయ్యొద్దు. ప్లేటు సరిచేసి మళ్లీ పెట్టు.

టార్క్ రెంచి (బోల్టు ఎంత బలంతో బిగుస్తుందో కొలిచి చూపే పానా) కొనుక్కో. నీ 70 వేలలో ఇది ఖర్చు అనుకోకు. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగా, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. చేతి అంచనాతో బిగించడం నాలాంటివాళ్లకే ఒక్కోసారి తప్పుతుంది.

రేడియేటర్ గురించి మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లు ఎలాంటివో నీకు తెలుసు. నల్లగొండ పేరు ఫ్లోరైడ్‌తో దేశమంతా తెలిసింది. రేడియేటర్‌కు వచ్చే కష్టం మాత్రం ఆ నీళ్లలోని సున్నంతో. గంజు అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడు, అదే పెచ్చు రేడియేటర్ సన్నని గొట్టాల్లో, బ్లాకు లోపల నీళ్లు తిరిగే దారుల్లో కడుతుంది. నా దగ్గరికి వేడెక్కి వచ్చే పాత బండ్లలో చాలావాటికి రోగం ఇదే. ఏళ్ల తరబడి పొలం దగ్గర బోరు నీళ్లు పట్టి పోసి ఉంటారు. అందుకని బ్లాకు బోరింగ్ షాపులో ఉన్నప్పుడే నీటి దారులు శుభ్రం చేయించు, రేడియేటర్ విప్పించి గొట్టాలు పొడిపించు, ఎక్కించాక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి మాత్రమే పొయ్యి. ఆ తర్వాత ఆపదలో తప్ప బోరు నీళ్లు చుక్క కూడా పోయొద్దు.

ఎక్కించాక తాళం తిప్పాలని తొందరపడతావు. ఆగు. కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టు, ఆయిల్ లైటు ఆరేదాకా. కొత్త బేరింగులకు ముందు ఆయిల్ అందాలి. పది సెకన్లు కొట్టు, కాసేపు ఆపు, మళ్లీ కొట్టు. తర్వాత వైరు పెట్టి స్టార్ట్ చెయ్యి. టెంపరేచర్ ముల్లు చూస్తూ ఫ్యాన్ తిరిగేదాకా నడవనివ్వు, గాలి బుడగలు పోయాక కూలెంట్ మట్టం మళ్లీ చూడు. కింద ఒక అట్ట పరిచి ఉంచితే ఏ చుక్క ఎక్కడి నుంచి పడుతుందో కనిపిస్తుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు అరవై దాటకుండా, బరువు వేయకుండా నడుపు. ఆ తర్వాత ఆయిల్ మార్చు.

ఖర్చు ఎంత అంటే, మా వైపు 800 ఇంజన్‌కు పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్, బోరింగ్, హెడ్ పని, ఆయిల్, కూలెంట్ కలిపి పాతిక నుంచి ముప్ఫై వేలు అవుతుంది, పని నీదే కాబట్టి. మంచి గోటీ (సాకెట్) సెట్టు, టార్క్ రెంచి, కంప్రెషన్ గేజీ, రెండు స్టాండ్లకు ఇంకో పన్నెండు పదిహేను వేలు. మిగిలిన డబ్బుతో టైర్లు, బ్రేకులు చూసుకో. పొద్దునా సాయంత్రం చేసుకుంటూ పోతే నెల పడుతుంది. పండగలోపు అయిపోవాలి, పెళ్లిలోపు అయిపోవాలి అని తేదీ పెట్టుకోకు. తొందరలోనే బోల్టు తెగేది.

ఒకవేళ బ్లాకు పగిలిపోయి, బాగుచేయడానికి లేకుండా తేలితే, అప్పుడు ఇంకో 800 నుంచి తీసిన ఎఫ్8బి కొనాలి. మీకు హైదరాబాద్ ఆటోనగర్ దగ్గర, మాకు విజయవాడ కూడా అందుబాటే. అక్కడ బిల్లు లేకుండా, ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్‌సీ రద్దయిన కాగితం చూపించకుండా ఇస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు. దొంగబండి ఇంజన్ అయితే నీ చదువు, ఉద్యోగం అన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతాయి. నంబరు గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే వెనక్కి వచ్చెయ్యి. క్రాంకు చేత్తో తిరుగుతుందా, ఆయిల్ మూత కింద పాల మీగడలా తెల్లటి జిగురు ఉందా అని చూడు. ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు.

ఎస్టీమ్ ఇంజన్ మీద నీకున్న ఇష్టం నాకు అర్థమవుతుంది. ఆ శబ్దం, ఆ లాగుడు నాకూ ఇష్టమే. దాన్ని నేర్చుకోవాలంటే ఒక పాత ఎస్టీమ్‌నే కొనుక్కో, దాని ఇంజన్ దాని బండిలోనే విప్పి బిగించు. కాగితాలు సరిగ్గా ఉంటాయి, బ్రేకులు దానికి తగ్గవి ఉంటాయి.

ముందు కంప్రెషన్ చూసి మూడు సిలిండర్ల అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన అంకెలు ఇక్కడ రాయి. ఇంజన్ గదిని పై నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి పెట్టు. ఫోటోల్లో ఇంజన్ నంబరు చివరి అంకెలు మాత్రం కనపడకుండా చెరిపేసి పెట్టు. ఆదివారం సాయంత్రాలు నాకు షెడ్డు సెలవు, చూసి జవాబు రాస్తాను.